కొనచిగురు పనితనం

బొల్లారం బజారుకు ఆలుగడ్డ బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి వస్తుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు అది ఆగ్రా వైపు కోల్డ్ స్టోరేజీల సరుకు. సంక్రాంతి దాటాక కొన్నాళ్లు మాత్రం జహీరాబాద్ చేలల్లో తవ్విన కొత్త గడ్డ కూడా కలుస్తుంది. తొక్క పల్చగా, బొటనవేలితో రుద్దితే లేచిపోయేంత లేతగా ఉంటుంది. అలాంటి గడ్డ ఒకటి తీసుకుని తిప్పి చూడండి. ఒక కొసన కళ్లు దగ్గరదగ్గరగా, రెండో కొసన ఎడంగా ఉంటాయి. కాండం మీద ఆకులు ఏ మెలికలో వస్తాయో గడ్డ మీద కళ్లూ అదే మెలికలో వస్తాయి. ఆలుగడ్డ నేలలో ఉబ్బిన కాండమే గదా. ప్రతి కంట్లో మొగ్గలుంటాయి. ప్రతి మొగ్గ కొసన మామూలు కంటికి ఆనని చిన్న గుబ్బ ఒకటి ఉంటుంది. శుభ్రమైన ఆలుగడ్డ విత్తనం మొదలయ్యేది ఆ గుబ్బ దగ్గరే. దాన్ని కోసి, గాజు గొట్టంలో పెట్టి, మొక్కగా లేపే పనివాళ్ల చేతుల గురించి, వాళ్ల తూకాల గురించి రాయాలని చాలాకాలంగా ఉంది.

టిష్యూ కల్చర్ అనగానే మన రైతులకు అరటి పిలకలు గుర్తొస్తాయి. ఆలుగడ్డ సంగతి అంతగా తెలియదు. జహీరాబాద్ రైతు కొన్న విత్తనపు గడ్డకు పూర్వీకురాలు గాజు గొట్టంలోనే పుట్టి ఉండవచ్చు. కానీ అది ఆయన చేతికి వచ్చేసరికి మధ్యలో నాలుగైదు పంటలు గడిచిపోతాయి. బస్తా మీద ఆ చరిత్ర కనబడదు.

అసలు ఏటా విత్తనం ఎందుకు కొనాలి? ఎకరాకు ఎనిమిది నుంచి పది క్వింటాళ్ల గడ్డ భూమిలో పెట్టాలి. పెట్టుబడిలో పెద్ద వాటా అక్కడే పోతుంది. పండినదాంట్లోంచి దాచుకుందామంటే మన ఎండాకాలాన్ని కోల్డ్ స్టోరేజీ లేకుండా దాటించలేం. అంతకన్నా పెద్ద అడ్డంకి వైరస్. వరిలో, కందిలో తల్లి మొక్క పట్టుకున్న వైరస్ జబ్బులు చాలావరకు గింజలోకి రాకుండా ఆగిపోతాయి. ఆలుగడ్డకు ఆ అదృష్టం లేదు. విత్తనపు గడ్డ తల్లి శరీరంలోని ముక్క. తల్లిలో ఉన్నదంతా అందులో ఉంటుంది. వై వైరస్‌నూ, ఆకు చుట్టుకుపోయేలా చేసే వైరస్‌నూ పేనుబంక ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు మోస్తుంది. ఎక్స్ వైరస్ ఆకులు రాసుకున్నా, కత్తి తగిలినా అంటుకుంటుంది. మొదటి ఏడు నాలుగు మొక్కల్లో ఉన్నది రెండో ఏడు నలభైలో కనబడుతుంది. గడ్డ చిన్నదవుతుంది, దిగుబడి ఏటికేడు జారుతుంది. వైరస్ పట్టిన మొక్కను బాగుచేసే మందు పొలంలో కొట్టడానికి లేదు.

మన దేశంలో దీనికి మొదటి గట్టి జవాబు 1959లో వచ్చింది. కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ 1949లో పాట్నాలో మొదలై 1956లో సిమ్లాకు మారింది. అక్కడి శాస్త్రవేత్త పుష్కర్‌నాథ్ ఉత్తరాది మైదానాల్లో పేనుబంక తక్కువగా ఉండే నెలలు ఏవో లెక్కగట్టి, ఆ వ్యవధిలోనే విత్తనపు పంట పెట్టి, పురుగు పెరిగేలోపే మొక్కల తలలు కోసేసే పద్ధతి పెట్టాడు. సీడ్ ప్లాట్ పద్ధతి అంటే అదే. కొండల మీద మాత్రమే సాధ్యమనుకున్న విత్తనం మైదానాలకు దిగింది. జలంధర్, ఆగ్రా ప్రాంతాలు ఈనాడు దేశానికి విత్తనం పెడుతున్నాయంటే దాని పునాది ఆ పద్ధతే. అయితే అది ఆరోగ్యంగా ఉన్న విత్తనాన్ని ఆరోగ్యంగా నిలబెట్టే ఉపాయం. వైరస్ నిండిన రకాన్ని మళ్లీ కడిగి ఇవ్వడం దానివల్ల కాదు. ఆ కడిగే పని సూక్ష్మదర్శిని కింద జరగాలి.

జబ్బుపడిన మొక్కలో కూడా కొనకు పోయేకొద్దీ వైరస్ పలచబడుతుందని పొగాకు మీద పనిచేసినవాళ్లు 1940ల నాటికే గమనించారు. కొనచిగురు చివరి గుబ్బలోకి ఆహారనాళాలు ఇంకా చేరవు. కణాలు వేగంగా చీలుతుంటాయి. వైరస్‌ను అణచే ఏర్పాటు కూడా అక్కడ బలంగా ఉంటుంది. వైరస్ ఆ గుబ్బను సాధారణంగా అందుకోలేదు. ఫ్రాన్స్‌లో జార్జ్ మొరెల్, క్లాడ్ మార్టిన్ 1952లో డాలియా మొక్క కొనను కోసి పెంచి వైరస్ లేని మొక్కను తీశారు. 1955 నాటికి ఆలుగడ్డలోనూ సాధించారు. జబ్బుపడిన దేహంలో జబ్బు చేరని చోటును కనిపెట్టి, అక్కడి నుంచి మొత్తం మొక్కను మళ్లీ మొదలుపెట్టడం! వ్యవసాయ విజ్ఞానంలో నాకు ఇంతకన్నా అందంగా తోచిన ఆలోచన లేదు.

ఆలోచన ఒక ఎత్తు, చెయ్యి ఒక ఎత్తు. మొరెల్ చెప్పినదాన్ని ఇప్పటి ప్రయోగశాలలో చేసేవాళ్లు ఎక్కువగా యువతులు. ల్యామినార్ ఫ్లో అనే బల్ల ముందు కూర్చుంటారు. లోపలి నుంచి వడగట్టిన గాలి ముఖం మీదికి సన్నగా వీస్తూ ఉంటుంది. చేతులు స్పిరిటుతో తుడుచుకుంటారు, సూదినీ కత్తినీ మంటలో కాల్చి చల్లార్చుకుంటారు. కొన ఎంచుకున్న మొక్కను అంతకు ముందు కొన్ని వారాలు 37 డిగ్రీల వేడిలో పెంచి ఉంచుతారు; ఆ వేడికి వైరస్ పెరుగుదల మందగించి, అది చేరని చోటు ఇంకాస్త పెద్దదవుతుంది. మొగ్గను స్టీరియో సూక్ష్మదర్శిని కింద పెట్టాక అసలు పని. పైకి కనబడే చిన్న ఆకు ఒకటి, దాని లోపల ఇంకో ఆకు, దాని లోపల ఆకు కాబోయే మొటిమ. సూదిమొనతో ఒక్కొక్కటే మొదలు దగ్గర తట్టి వంచేస్తారు. లాగకూడదు, లాగితే గుబ్బ కూడా చిరిగి వస్తుంది. చివరికి మెరుస్తూ, నీటిబొట్టులా పారదర్శకంగా గుబ్బ బయటపడుతుంది. దాని పక్కన ఒకటో రెండో ఆకు మొటిమలు ఉండనిచ్చి, కింద ఒక్క కోత. వచ్చిన ముక్క 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్లు. దీపం వేడికి అది నిమిషాల్లో ఎండిపోతుంది కాబట్టి కోసిన చెయ్యి ఆగకుండా గాజు గొట్టంలోని ఆహారం మీదికి చేర్చాలి.

ఆ కొలతలో ఉన్న చిక్కు చూడండి. ముక్క పెద్దదైతే తేలిగ్గా బతుకుతుంది, కానీ వైరస్ వెంట వస్తుంది. చిన్నదైతే వైరస్ రాదు, కానీ బతకదు. మిల్లీమీటరులో పదోవంతు అటో ఇటో అయితే నెలల శ్రమ వృథా. మంచి పనివాళ్లు స్కేలు పెట్టి కొలవరు. ఆకు మొటిమలను లెక్కపెట్టి కోత ఎక్కడో నిర్ణయిస్తారు. సికింద్రాబాద్‌కు ఈ సూదిమొన పనితో పాత చుట్టరికం ఉంది. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ పొట్టను సూదులతో విప్పి, సూక్ష్మదర్శిని కింద మలేరియా క్రిమిని చూశాడు. కంటిని అద్దానికి, ఊపిరిని అదుపుకు అప్పగించి చేసే పని అప్పుడూ అదే, ఇప్పుడూ అదే.

కోసిన గుబ్బ మొక్క కావడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. చాలా ముక్కలు చస్తాయి. బతికినవాటిలో కూడా వైరస్ ఉన్నవి ఉంటాయి కాబట్టి ప్రతి మొక్కనూ ఎలైసా పరీక్షకు పంపాలి. ఆ పరీక్షలు లేని రోజుల్లో ఎక్స్ వైరస్‌ను పట్టుకోవడానికి రసాన్ని ఉమ్మెత్త ఆకుల మీద రుద్ది మచ్చల కోసం కాచుకునేవాళ్లు. ఒక్క మొక్క అన్ని పరీక్షలూ నెగ్గితే చాలు. దాని నుంచే ఆ రకం మళ్లీ మొదలవుతుంది.

ఇక గొట్టం అడుగున ఉన్న ఆహారం. దాని పేరు ఎం.ఎస్. మీడియం. 1962లో తోషియో మురాషిగే, ఫోల్కే స్కూగ్ పొగాకు కణజాలం కోసం కూర్చిన పాళ్లు ఇవి. అరవై ఏళ్లు దాటినా ప్రపంచంలో ఏ టిష్యూ కల్చర్ గదికి వెళ్లినా గోడ మీద ఇదే పట్టిక ఉంటుంది. లీటరు నీటికి అమ్మోనియం నైట్రేట్ 1,650 మిల్లీగ్రాములు, పొటాషియం నైట్రేట్ 1,900. కిందికి దిగేకొద్దీ అంకెలు చిక్కిపోతాయి: జింక్ సల్ఫేట్ 8.6, కాపర్ సల్ఫేట్ 0.025. చక్కెర 30 గ్రాములు, ఎందుకంటే గొట్టంలోని పసిమొక్క ఎండతో తన తిండి తాను సరిగా వండుకోలేదు. గట్టిపడడానికి అగర్. పులుపుదనం 5.8 దగ్గర నిలపాలి. అంతకు తగ్గితే అగర్ గడ్డకట్టదు, పెరిగితే కొన్ని లవణాలు మొక్కకు అందవు. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరిలో పదిహేను ఇరవై నిమిషాలు ఉంచి దించుతారు.

హార్మోన్లు దీనిలో ఆఖరున చేరతాయి. ఆలుగడ్డ గుబ్బకు వాడే పాళ్లలో జిబ్బరెలిక్ ఆమ్లం లీటరుకు 0.1 మిల్లీగ్రాము, ఎన్.ఎ.ఎ. అనే ఆక్సిన్ 0.01 మిల్లీగ్రాము. పది కోట్ల పాళ్లలో ఒక పాలు! దాన్ని తూచే త్రాసు మామూలు గదుల్లో ఉండదు. అందుకని పది మిల్లీగ్రాములు తూచి, చుక్క క్షారంలో కరిగించి, నూరు మిల్లీలీటర్లకు నీళ్లు పోసి నిల్వ ద్రావణం చేస్తారు. అందులోంచి మిల్లీలీటరులో పదోవంతు తీసి లీటరు ఆహారంలో కలుపుతారు. జిబ్బరెలిక్ ఆమ్లం వేడికి చెడిపోతుంది కాబట్టి దాన్ని ఆవిరిలో పెట్టరు. క్రిములు పట్టనంత సన్నటి రంధ్రాల వడపోతలోంచి పంపి, ఆహారం యాభై డిగ్రీలకు చల్లారాక, ఇంకా గడ్డకట్టకముందే కలపాలి. ముందు కలిపితే హార్మోను చస్తుంది, ఆలస్యమైతే అగర్ బిగుస్తుంది. ఆ కొద్ది నిమిషాల సందు కనిపెట్టి పని ముగించేవాళ్లను చూస్తే నాకు గౌరవం కలుగుతుంది.

మొక్క చేతికొచ్చాక సంఖ్య పెంచడం తేలిక. ఆశ్చర్యమేమిటంటే, ఇక్కడ హార్మోను అవసరమే లేదు. నాలుగైదు కణుపులున్న పసిమొక్కను కణుపు కణుపుకు ముక్కలు చేసి, ఏ హార్మోనూ కలపని ఎం.ఎస్. మీద నిలబెడితే, ప్రతి కణుపు మొగ్గా మూడు నాలుగు వారాల్లో వేళ్లతో సహా మొక్క అవుతుంది. మొక్కకు మూడు ముక్కలే అనుకున్నా పన్నెండు విడతలకు లెక్క 5,31,441కి చేరుతుంది. కాగితం మీది లెక్క ఇది. బూజు పట్టి పోయేవీ, వాడిపోయేవీ తీసేస్తే తక్కువే మిగులుతాయి. అయినా ఏడాదిలో ఒక మొక్క వేలకు వేలవడం నిజం.

ఈ పని గురించి తెలుసుకుంటున్నకొద్దీ నాకు బలపడిన అభిప్రాయం ఒకటుంది. హార్మోను ఎంత వేయాలో తెలిసినవాళ్లు చాలామంది ఉంటారు. ఎప్పుడు మానాలో తెలిసినవాళ్లే ఈ పనిలో పెద్ద పనివాళ్లు. గొట్టం మూత గట్టిగా బిగిస్తే మొక్క వదిలే ఇథిలీన్ వాయువు లోపలే పేరుకుంటుంది. అదీ హార్మోనే, మనం వేయనిది. ఆకులు చిట్టివై, కాడ సన్నబడి, కొన కొక్కెంలా వంగిపోతుంది. కొత్తగా చేరినవాళ్లు అది చూసి పోషకం చాల్లేదేమోనని మందు మారుస్తారు. అనుభవం ఉన్న మనిషి మూత మారుస్తుంది, గాలి ఆడే మూత పెడుతుంది. వారంలో కొత్త ఆకు వెడల్పుగా వస్తుంది.

అయితే హార్మోను లేకుండా కుదరని పని ఇంకొకటి ఉంది. మొగ్గే లేని చోట మొగ్గ పుట్టించడం. ఆకు ముక్కో, రెండు కణుపుల మధ్య కాడ ముక్కో తీసుకుని, దాని నుంచి పూర్తి మొక్కను తేవడం. మొక్కలోని ఏ కణమైనా మళ్లీ మొక్క కాగలదని 1902లో హేబర్లాంట్ ఊహించాడు కానీ చేసి చూపలేకపోయాడు. ఆయన దగ్గర హార్మోన్లు లేవు. 1941లో ఉమ్మెత్త పిండాలను పెంచడానికి కొబ్బరినీళ్లు వాడినవాళ్లు, అందులో కణాలను చీల్చే ఏదో శక్తి ఉందని గ్రహించారు. ఆ శక్తి కోసం విస్కాన్సిన్‌లో స్కూగ్ బృందం ఏళ్ల తరబడి వెతికింది. ఒక పాత సీసాలోని చేప వీర్యపు డి.ఎన్.ఎ. పనిచేసింది. కొత్తది తెప్పిస్తే పనిచేయలేదు. కొత్తదాన్ని ఆటోక్లేవ్‌లో ఉడికిస్తే పనిచేసింది! 1955లో దాని నుంచి కైనెటిన్‌ను వేరుచేశారు. అదే మొదటి సైటోకైనిన్. 1963లో మొక్కజొన్న లేత గింజల నుంచి న్యూజిలాండ్‌లో లెథమ్ తీసిన జియాటిన్, మొక్కలు తమంతట తాము చేసుకునే సైటోకైనిన్. ఆలుగడ్డ ఆకు ముక్కకు ఇప్పటికీ బాగా ఒంటబట్టేది జియాటినే.

1957లో స్కూగ్, కార్లోస్ మిల్లర్ ప్రచురించిన ఫలితం ఈ విద్యకు మూలసూత్రమైంది. పొగాకు కాడ బెరడు లోపలి మెత్తని భాగాన్ని ఆక్సిన్, సైటోకైనిన్ వేర్వేరు పాళ్లలో కలిపిన ఆహారం మీద పెట్టారు. ఆక్సిన్ పాలు ఎక్కువైతే వేళ్లు వచ్చాయి. సైటోకైనిన్ పాలు ఎక్కువైతే చిగుళ్లు వచ్చాయి. రెండూ సరితూగితే వేరూ కాక చిగురూ కాక, కాలస్ అనే రూపం లేని కణాల ముద్ద పెరిగింది. వేరుకు ఒక పదార్థం, ఆకుకు ఒక పదార్థం అని వెతుకుతున్న రోజుల్లో, ఆ రెండింటి నిష్పత్తే మొక్క ఏమవాలో తేలుస్తుందని చూపారు.

ఆలుగడ్డ కాడ మీద అది ఎలా నడుస్తుందో దగ్గరగా చూద్దాం. గాజు గొట్టంలో పెరిగిన మొక్క నుంచి ఆకులూ మొగ్గలూ తీసేసి, కాడను అర సెంటీమీటరు ముక్కలుగా కోస్తారు. కోతకు పదునైన కొత్త బ్లేడే కావాలి. నలిగిన అంచు నల్లబడి చస్తుంది. ముక్కలను ఆక్సిన్, సైటోకైనిన్ రెండూ ఉన్న ఆహారం మీద పడుకోబెడతారు. వారానికి రెండు కొసలూ ఉబ్బుతాయి. పది పన్నెండు రోజులకు పాలిపోయిన పసుపు రంగు ముద్ద కడుతుంది. ఇక్కడ ఆగి చూడాలి. ముద్ద ఇంకా పెరిగితే బాగుంటుందనిపిస్తుంది, కానీ పెరగనివ్వకూడదు. అది గట్టిగా, చిన్న చిన్న గుళికలు తేలి, అక్కడక్కడ ఆకుపచ్చ చుక్క కనబడగానే రెండో ఆహారానికి మార్చాలి. అందులో జియాటిన్ లీటరుకు ఒకటి రెండు మిల్లీగ్రాములు, ఆక్సిన్ నామమాత్రం, చిగురు సాగడానికి కొద్దిగా జిబ్బరెలిక్ ఆమ్లం. ఆకుపచ్చ చుక్కలు ఊదారంగు ఛాయ తిరిగి మొటిమలవుతాయి, మొటిమలు ఆకు విప్పుతాయి. నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య చిగుళ్లు సెంటీమీటరు దాటుతాయి. అప్పుడు ముద్ద అంటకుండా శుభ్రంగా కోసి, మళ్లీ హార్మోను లేని ఆహారం మీదికి. ముద్ద ముక్క అంటుకుని వస్తే వేరు ఆ ముద్దలోంచి పుడుతుంది, కాడతో దానికి సరైన సంబంధం ఉండదు, నేలలో నాటితే మొక్క నిలవదు. కోత మంచిదైతే వారం పది రోజుల్లో కాడ అడుగు నుంచి తెల్లటి వేళ్లు దిగుతాయి.

ముద్దను ఎక్కువకాలం పెరగనివ్వకూడదనడానికి అనుభవమే కాదు, పెద్ద ఆధారమూ ఉంది. 1980లో అమెరికాలో జేమ్స్ షెపర్డ్ బృందం రస్సెట్ బర్బ్యాంక్ రకపు ఆకు కణాలను గోడ తీసేసి ఒంటరి కణాలుగా విడదీసి, వాటి నుంచి మొక్కలను లేపింది. గోడ లేని ఒక్క కణం నుంచి ఆలుగడ్డ మొక్క! కానీ పొలంలో చూస్తే ఆ మొక్కలు ఒకదానిలా ఒకటి లేవు. గడ్డ ఆకారం, పంటకాలం, జబ్బును తట్టుకునే గుణం అన్నీ మారాయి. కొత్త రకాల కోసం వెతికేవాళ్లకు అది వరం. విత్తనం పెంచేవాడికి శాపం. కుఫ్రీ జ్యోతి రకం అని రాసిన బస్తాలో కుఫ్రీ జ్యోతే ఉండాలి. అందుకే విత్తనపు పనిలో కాలస్ దారి మూసేసి, కణుపు దారిలోనే నడుస్తారు. కాలస్ దారి జన్యువులతో పనిచేసేవాళ్లది. ఆశిస్ దత్తా బృందం రాజగిరి తోటకూర జాతి నుంచి ఏ.ఎం.ఏ.1 అనే మాంసకృత్తు జన్యువును తీసి ఏడు ఆలుగడ్డ రకాల్లోకి పంపి, 2010లో ప్రచురించిన ఫలితాల్లో మాంసకృత్తులు 60 శాతం వరకూ పెరిగినట్టు చూపింది. జన్యువును బ్యాక్టీరియా మోసుకుపోతుంది. ఆ జన్యువు అందిన కణాన్ని మొక్కగా నిలబెట్టేది మాత్రం ఆ ముద్ద మీద పనిచేసిన చేతులే. పత్రికల్లో ఆ చేతుల గురించి ఎవరూ రాయరు.

మనవాళ్ల పని ఇంకొకటి ఈ కథలో గట్టిగా కలిసింది. 1964లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో శిప్రా గుహా, సతీశ్ చంద్ర మహేశ్వరి ఉమ్మెత్త పరాగకోశాలను ఆహారం మీద పెట్టి, పుప్పొడి నుంచి పిండాలు లేవడం చూశారు. పుప్పొడి కణంలో క్రోమోజోములు సగమే కాబట్టి, వచ్చిన మొక్కలోనూ సగమే. ఉమ్మెత్త, పొగాకు, వంగ, మిరప, టమాట, ఆలుగడ్డ అన్నీ ఒకే కుటుంబం. మనం తినే ఆలుగడ్డలో నాలుగు వరుసలుగా 48 క్రోమోజోములు. ఒకదానికొకటి కొద్దికొద్దిగా తేడా ఉన్న నాలుగు ప్రతులు కలిసిపోయి ఉంటే జన్యుపటం చదవడం అసాధ్యంగా ఉండేది. చివరికి పరాగకోశం నుంచి లేపిన, ఒక్క వరుస 12 క్రోమోజోములే ఉన్న మొక్కను తీసుకుని, దాన్ని రెట్టింపు చేసి, రెండు ప్రతులూ అచ్చుగుద్దినట్టు ఒకటే అయ్యేలా చూశారు. ఆ మొక్కనే చదివి 2011లో 39,031 జన్యువుల పట్టిక ప్రకటించారు. ఆ అంతర్జాతీయ బృందంలో సిమ్లా సంస్థ కూడా ఉంది. ఢిల్లీలో ఉమ్మెత్త పువ్వు మీద మొదలైన విద్య నలభై ఏడేళ్లకు ఆలుగడ్డ గుట్టు విప్పడానికి అక్కరకొచ్చింది.

గాజు గొట్టంలో గడ్డను కట్టించడం ఇంకా చూడముచ్చటైన పని. ముందు బొల్లారం వాతావరణం సంగతి. ఇక్కడా, జహీరాబాద్ పీఠభూమి మీదా అక్టోబరు, నవంబరుల్లోనే ఆలుగడ్డ నాటడానికి కారణం హార్మోనే. రాత్రి వేడిగా ఉంటే మొక్కలో జిబ్బరెలిన్ ఎక్కువగా తయారవుతుంది. నేలలో పిలక తీగలు సాగుతూనే ఉంటాయి, కొన ఉబ్బదు. రాత్రి ఇరవై డిగ్రీల దిగువకు పడి, పగలు కురచబడితే జిబ్బరెలిన్ తగ్గుతుంది. తీగ సాగడం ఆపి కొన దగ్గర పిండిపదార్థం నింపుకోవడం మొదలుపెడుతుంది. జూన్‌లో ఇక్కడ ఆలుగడ్డ నాటితే పచ్చటి గుబురు చూడొచ్చు, తవ్వితే ఏమీ ఉండదు. డిసెంబరు చలి మన దగ్గర ఉచితంగా చేసే పనినే ప్రయోగశాల మూడు పదార్థాలతో చేస్తుంది. చక్కెరను లీటరుకు 80 గ్రాములకు పెంచుతారు. సైటోకైనిన్ పది మిల్లీగ్రాములు వేస్తారు. జిబ్బరెలిన్ తయారీని అడ్డుకునే క్లోరోకోలిన్ క్లోరైడ్ 500 మిల్లీగ్రాములు కలుపుతారు. పాత ఆహారాన్ని ఒంపేసి ఈ ద్రవాన్ని పోసి, దీపాలు ఆర్పేసి, చల్లటి గదిలో పెడతారు. రెండు నెలలు దాటాక కాడల కణుపుల్లో అయిదు మిల్లీమీటర్ల గడ్డలు తేలి ఉంటాయి. అవి మైక్రోట్యూబర్లు. వెలుగులో కాసేపు పచ్చబరిచి, కడిగి, చల్లగా నిల్వచేస్తే పోస్టులో కూడా పంపొచ్చు. అయితే ఒక ఇబ్బంది: గాజులో పుట్టినా అవి గడ్డలే కాబట్టి గడ్డల్లాగే నిద్రపోతాయి. నెలల తరబడి మొలకెత్తవు. ఆ నిద్ర చెడగొట్టడానికి మళ్లీ జిబ్బరెలిక్ ఆమ్లమే కావాలి. కట్టించడానికి ఏది అణచారో, లేపడానికి దాన్నే తేవాలి.

గొట్టం నుంచి మట్టిలోకి దించే దశలో ఎక్కువ ప్రాణాలు పోతాయి. లోపల గాలిలో తేమ నిండుగా ఉంటుంది. అక్కడ పెరిగిన ఆకు మీద మైనపు పూత ఉండదు, ఆకు రంధ్రాలకు మూసుకోవడం రాదు. బయట మన గాలి తగిలితే గంటలో వేలాడుతుంది. అందుకని వేళ్లకు అంటిన అగర్‌ను గోరువెచ్చని నీళ్లలో పూర్తిగా కడిగి (చక్కెర మిగిలితే బూజు పడుతుంది), కొబ్బరిపొట్టులో నాటి, పైన ప్లాస్టిక్ కప్పి, రోజుకింత చొప్పున కప్పు తీస్తూ వారం పది రోజుల్లో గాలికి అలవాటు చేస్తారు. మేడ్చల్ రోడ్డు నర్సరీల్లో కనిపించే ఆకుపచ్చ షేడ్ నెట్ లాంటిదే పైన. తేడా ఏమిటంటే చుట్టూ పేనుబంక దూరనంత సన్నటి వల ఉండాలి. ఇంత కష్టపడి కడిగిన మొక్కకు ఒక్క పురుగు చాలు.

వలలో పండేవి మినీట్యూబర్లు. సిమ్లా సంస్థ ఏరోపోనిక్స్ కూడా పెట్టింది: మట్టి లేకుండా, చీకటి పెట్టెలో వేళ్లు వేలాడుతుంటే వాటి మీద పోషకాల తుంపర కొడతారు. పెట్టె తలుపు తెరిచి సైజుకొచ్చిన గడ్డను గిల్లుకుని మూసేస్తే, మొక్క మళ్లీ కొత్త గడ్డ కడుతుంది. మట్టిలో ఒక మొక్క ఇచ్చేదానికి ఎన్నో రెట్లు అలా తీయొచ్చు. ఆ గడ్డలు వలలోంచి పొలానికి, ఒక పొలం నుంచి ఇంకో పొలానికి పెరుగుతూ కొన్నేళ్లకు రైతు బస్తాకు చేరతాయి. ఆ దారి పొడవే మన ప్రాంతానికి చేటు. ఉత్తరాదిలో తవ్వి, నిల్వచేసి, లారీలో ఇంత దూరం వచ్చిన విత్తనానికి ధర ఎంత చెబితే అంత ఇవ్వాలి, అది ఎన్నో తరానిదో అడిగే వీలుండదు.

వియత్నాం కొండల్లోని దలాత్ ఊళ్లో ఈ దారిని తగ్గించారు. 1980ల మొదట్లోనే అక్కడి కూరగాయల రైతులు టిష్యూ కల్చర్ మొక్కలను తెచ్చుకుని, కొన్ని కుటుంబాలైతే ఇంట్లోనే గాజు సీసాల్లో కణుపులు కోసి పెంచుకుని, పెరట్లో వాటి కొనలు తుంచి వేళ్లు పట్టించి, పొరుగువాళ్లకు నారులా అమ్మారు. శాస్త్రజ్ఞులు దాన్ని 1983లో అమెరికన్ ఆలుగడ్డ పత్రికలో రాశారు. ఆ పద్ధతికి ఇప్పుడు కొనకొమ్మల నారు అని పేరు పెట్టుకోవచ్చు. కర్ణాటకలో హాసన్ ప్రాంతపు రైతుల నర్సరీల దాకా అది వచ్చింది. కుప్పం, పలమనేరు ఆలుగడ్డ రైతులకు కర్ణాటక పరాయి దేశం కాదు, పక్క రాష్ట్రం. బొల్లారం, మేడ్చల్ చుట్టూ మిరప, టమాట నారు ట్రేలలో పెంచే నేర్పు ఇప్పటికే ఉంది. ఆలుగడ్డ కొన తుంచి అదే ట్రేలో గుచ్చడానికి కావలసింది అంతకన్నా పెద్ద విద్య కాదు. ప్రయోగశాల నుంచి రావలసింది వైరస్ లేని కొద్ది తల్లి మొక్కలు.

ఆ తల్లి మొక్కలను కనిపెట్టుకుని ఉండడంలో మాత్రం నేర్పుంది. గొట్టం నుంచి దిగిన ఆలుగడ్డ మొక్కకు మొదట్లో ఒంటరి, గుండ్రటి ఆకులు వస్తాయి. అది దాని పసితనం. ఆ వయసులో తుంచిన కొన వారంలో వేరు పడుతుంది, నాటితే ఒక్కో నారుమొక్క ఏడు నుంచి పది గడ్డలిస్తుంది. రోజులు గడిచేకొద్దీ ఆకు చీలి, పొలంలో చూసే ఆలుగడ్డ ఆకులా అయిదారు రెక్కలవుతుంది. అప్పుడు తుంచిన కొనకు వేరు పట్టడం మందగిస్తుంది, పట్టినా గడ్డలు తగ్గుతాయి. అందుకని రెండు మూడు వారాలకోసారి కొనలు తుంచుతూ, రాత్రుళ్లు దీపం పెట్టి పగలు పొడుగైనట్టు నమ్మిస్తూ, మొక్కను పసితనంలోనే ఉంచుతారు. ఇక్కడ బయటి హార్మోను ఒక్క చుక్క కూడా లేదు. పని చేసే మనిషి పొద్దున్నే ట్రేల మధ్య నడుస్తూ ఆకు రూపం చూసుకుంటూ పోతుంది. రెక్కలు విడిన ఆకు ఏ కుండీలో కనబడితే ఆ తల్లిని పక్కకు తీసి, దాని స్థానంలో గాజు గొట్టంలోంచి కొత్తదాన్ని దించుతుంది.